ఉగాదికీ రంజాన్‌కీ చుట్టరికం ఎక్కడ కలిసింది?

మా అన్నయ్య కూతురు ఏడో తరగతి. పరీక్షకని ఓ పట్టిక బట్టీ పడుతోంది. నాలుగు నిలువు గళ్లు: మతం, స్థాపకుడు, పవిత్ర గ్రంథం, ప్రార్థనా స్థలం. ఇస్లాం, ముహమ్మద్ ప్రవక్త, ఖురాన్, మసీదు. క్రైస్తవం, ఏసుక్రీస్తు, బైబిల్, చర్చి. గడగడా అప్పజెబుతూ పోయి హిందూ మతం దగ్గర ఆగింది. స్థాపకుడి గడిలో పేరు లేదు, అడ్డగీత ఉంది.

"ఇక్కడేం రాయాలి బాబాయ్? గీతే గీసేయనా?"

గీసేయమన్నాను. నిజానికి ఆ పట్టికలో నాకు నమ్మకం కుదిరింది ఆ గీత మీదే. మిగతా గళ్లే అనుమానం. ముహమ్మద్ ప్రవక్తను స్థాపకుడంటే ముస్లింలు ఒప్పుకోరు. దేవుడు ఆదాము నుంచీ ప్రవక్తలను పంపుతూ వచ్చాడనీ, ఆ వరసలో ఆయన ఆఖరివాడనీ వాళ్ల నమ్మకం. ఏసు పుట్టిందీ పెరిగిందీ యూదుల ఇంట్లో, యూదుడిగానే. పట్టిక మార్కులు తెస్తుంది, కాదనను. పక్కింటివాళ్లు రంజాన్ నెలంతా తెల్లవారకముందే లేచి ఎందుకు తింటారో మాత్రం చెప్పదు.

పుస్తకం మూసి గోడమీది కేలండర్ చూడమన్నాను. ఒక్క నిమిషంలో ఆ పిల్ల పట్టుకున్న సంగతి ఇది. 2024లో ఉగాది ఏప్రిల్ 9, రంజాన్ పండగ ఏప్రిల్ 11. 2025లో ఉగాది మార్చి 30, రంజాన్ మార్చి 31. 2026లో ఉగాది మార్చి 19, వెంటనే మళ్లీ రంజాన్. మూడేళ్లు వరసగా ఉగాది పచ్చడి గిన్నె కడిగేలోపే షీర్ ఖుర్మా వచ్చింది. "ఇద్దరూ మాట్లాడుకుని పెట్టుకుంటున్నారా?"

మాట్లాడుకోలేదు. కానీ ఇద్దరూ చూస్తున్నది ఒకే చంద్రుణ్ణి. మతాల గురించి పిల్లలకు చెప్పాలంటే నేను మొదలుపెట్టేది ఇక్కడే. ఒక పండగ ఆ రోజే ఎందుకొచ్చిందో అడిగితే, దాన్ని చేసుకునేవాళ్లు దేన్ని గుండెల్లో పెట్టుకున్నారో బయటపడుతుంది.

ముందు కాస్త లెక్క. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29 రోజుల 12 గంటలు. అలాంటి నెలలు పన్నెండు కలిపితే 354 రోజులు. ఎండలు, వానలు, కోతలు నడిచేది సూర్యుడి లెక్కలో, ఏడాదికి 365 రోజులు. మధ్యలో 11 రోజులు మిగిలిపోతాయి. ఆ 11 రోజులను ఏం చేయాలన్న ప్రశ్నకు ఒక్కో మతం ఒక్కో జవాబు చెప్పుకుంది.

ఇస్లాం జవాబు చాలా సూటిగా ఉంటుంది: ఏమీ చేయొద్దు. ఖురాన్ తొమ్మిదో సూరా, అంటే తొమ్మిదో అధ్యాయం, ఏడాదికి నెలలు పన్నెండేనని చెబుతుంది, నెలలను తమకు అనువుగా జరుపుకోవడాన్ని తప్పుపడుతుంది. కాబట్టి హిజ్రీ ఏడాది, అంటే ముస్లింల కేలండర్ ఏడాది, ప్రతిసారీ 10, 11 రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లలో ఋతువులన్నీ చుట్టి వస్తుంది. తెల్లవారకముందు సహరీ తిని, సూర్యుడు అస్తమించేదాకా మంచినీళ్లు కూడా ముట్టని ఉపవాసం మే నెల ఎండలో ఒకలా ఉంటుంది, డిసెంబరు చలిలో ఇంకోలా ఉంటుంది. ఎక్కడి ముస్లిమైనా ఒక జీవితకాలంలో రెండూ చూస్తాడు. 2030లో అయితే రంజాన్ నెల జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి మొదలవుతుంది.

ఉపవాసానికి ఈ నెలే ఎందుకంటే, దేవుడి మాట ఖురాన్‌గా ప్రవక్తకు అందడం మొదలైంది ఈ నెలలోనే అని ముస్లింల విశ్వాసం. దేవుడు ఒక్కడేనని, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని సాక్ష్యం చెప్పడం, రోజుకు ఐదుసార్లు నమాజు, ఉన్నదాంట్లోంచి పేదలకు జకాత్, రంజాన్ ఉపవాసం, వీలున్నవాళ్లు జీవితంలో ఒక్కసారైనా మక్కాకు హజ్. ఐదు మూలస్తంభాలంటే ఇవే. ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం సూర్యుడు కుంగగానే పడమటి ఆకాశంలో సన్నటి నెలవంక కోసం వెతుకుతారు. కనిపిస్తే తెల్లారి పండగ, లేకపోతే ఇంకో ఉపవాసం. సౌదీలో ఒకరోజు, మనకు మర్నాడు పండగ రావడం తరచూ జరిగేదే. పడమటికి వెళ్లేకొద్దీ సూర్యాస్తమయం ఆలస్యం, ఆలోపు చంద్రుడు ఇంకాస్త పెరిగి కంటికి ఆనుతాడు. కేలండర్ అచ్చువేసేవాళ్లు తేదీ ముందే వేసినా, చాంద్‌రాత్ నాడు జనం మేడలెక్కి ఆకాశంకేసి చూడాల్సిందే.

హిజ్రీ శకం ఎక్కడ మొదలైందో చూడండి. ప్రవక్త పుట్టిన ఏడాది నుంచి లెక్కపెట్టలేదు. మక్కాలో ఉండనివ్వని మనుషుల్ని వదిలి, అనుచరులతో మదీనాకు వలస వెళ్లిన క్రీ.శ. 622 నుంచి లెక్కపెట్టారు. విశ్వాసం ఒక సమాజంగా నిలబడిన ఏడాది అది. ఆ ఏడాదిలో మొదటి నెల మొహర్రం. పదో రోజున, 680లో, ప్రవక్త మనవడు హుసేన్ కర్బలా మైదానంలో ప్రాణాలొదిలాడు. షియా ముస్లింలు దాన్ని శోకదినంగా పాటిస్తారు. అదే మొహర్రం మన పల్లెల్లో పీర్ల పండగ అయింది. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి పీరుకు మొక్కేవాళ్లలో హిందువులు ఎందరో. ఇది ఏ మతం పండగ అని పట్టికను అడిగితే పట్టిక నోరు మెదపదు.

ఇక ఉగాది. చైత్ర శుద్ధ పాడ్యమి, అంటే అమావాస్య దాటగానే వచ్చే మొదటి తిథి. రంజాన్ పండగ షవ్వాల్ నెల మొదటి రోజు, అదీ అమావాస్య తర్వాతే. పాడ్యమికి చంద్రుడు కనిపించనక్కర్లేదు, లెక్క చాలు. షవ్వాల్‌కు కంటికి కనిపించాలి. ఆ ఒకటి రెండు రోజుల ఆలస్యం అందువల్లే.

అయితే ఉగాది రంజాన్‌లా ఏడాదంతా తిరగదు, మార్చి ఏప్రిల్ దాటిపోదు. మన పంచాంగం చంద్రుడితో నడుస్తూనే సూర్యుడి చెయ్యి వదల్లేదు. ప్రతి చాంద్రమాసంలోనూ సూర్యుడు ఒక రాశి నుంచి ఇంకో రాశిలోకి మారాలి, దాన్నే సంక్రమణం అంటాం. ఏడాదికి మిగిలే 11 రోజులు పోగుపడి పోగుపడి, సుమారు 32 నెలలకోసారి సంక్రమణమే లేని నెల ఒకటి వస్తుంది. అదే అధిక మాసం. పక్క నెల పేరే దీనికీ పెట్టి, ముందు అధికం, తర్వాత నిజం అంటారు. పెళ్లి ముహూర్తాలుండవు, పురోహితులకు కాస్త తీరిక. తిరుమలలో మాత్రం పని రెట్టింపు, అధిక మాసం వచ్చిన ఏడాది రెండు బ్రహ్మోత్సవాలు జరుగుతాయి.

ఇప్పుడు మా పిల్ల ప్రశ్నకు జవాబు. 2023 ఉగాది రంజాన్ నెల మొదలవడానికి కాస్త ముందు పడింది. ఆ ఏడాది అధిక శ్రావణం వచ్చి ఉగాదిని ఒక చాంద్రమాసం వెనక్కి తోసింది. హిజ్రీలో ఆ తోపు లేదు. దాంతో 2024 నుంచి ఉగాది షవ్వాల్ పక్కన చేరి మూడేళ్లు అక్కడే ఉంది. 2026లో అధిక జ్యేష్ఠం. ఆ తోపుతో జంట విడిపోతుంది: 2027లో రంజాన్ పండగ మార్చి రెండో వారంలోనే వచ్చేస్తుంది, ఉగాది ఏప్రిల్ 7.

హిందువులందరికీ ఉగాదే కొత్త సంవత్సరమనుకోకండి. కన్నడిగులకు, మరాఠీలకు అదే రోజు. తమిళులు సూర్యుణ్ణి పట్టుకుని ఏప్రిల్ 14న చేసుకుంటారు, గుజరాతీలు దీపావళి మర్నాడు. మనకు నెల అమావాస్యతో ముగిస్తే ఉత్తరాదిలో పౌర్ణమితో ముగుస్తుంది. అందుకే వాళ్ల కార్తీకం మనకంటే పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. ఒకే ఊళ్లో రెండు పంచాంగాలు రెండు తేదీలు చెప్పి, టీవీలో ఇద్దరు సిద్ధాంతులు వాదించుకోవడం ఏటా చూస్తూనే ఉన్నాం. దేశంలో వాడుకలో ఉన్న 30 దాకా కేలండర్లను పరిశీలించి మేఘనాథ్ సాహా కమిటీ ఒక జాతీయ కేలండర్ తయారుచేసింది. 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. ఈరోజు అందులో తేదీ ఎంతో మీకు తెలుసా? నాకూ తెలీదు. పరీక్ష పట్టికలో ఆ అడ్డగీతకు అర్థం ఇదే. ఒక స్థాపకుడు, అందరికీ ఒకే పుస్తకం, చివరి మాట చెప్పే ఒక పీఠం లేకుండానే వేదాలు, ఇతిహాసాలు, గ్రామదేవతలు, వందల సంప్రదాయాలు కలిసి ప్రవహించిన నది అది. తేదీ దగ్గరే ఏకాభిప్రాయం లేనివాళ్లకు దేవుడి దగ్గర ఉంటుందా? లేకపోవడాన్ని పెద్దగా పట్టించుకోకపోవడమే ఆ సంప్రదాయం తీరు.

అధిక మాసం మనవాళ్ల సొత్తేమీ కాదు. చైనావాళ్లకూ ఉంది, యూదులకూ ఉంది. యూదులు 19 ఏళ్లలో ఏడుసార్లు నెల కలుపుతారు. ఎందుకింత శ్రమ? వాళ్ల పెద్ద పండగ పస్కా వసంతంలోనే రావాలని వాళ్ల పవిత్ర గ్రంథం తోరా శాసించింది కాబట్టి. ఈజిప్టులో బానిసలుగా ఉన్న తమ పూర్వీకులను మోషే నాయకత్వంలో దేవుడు విడిపించాడన్న కథకు జ్ఞాపకం అది. ఆ రాత్రి భోజనం బల్ల దగ్గర మొదట మాట్లాడేది ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల: "మిగతా రాత్రుల్లా కాకుండా ఈ రాత్రి ఎందుకిలా ఉంది?" పెద్దలు జవాబుగా కథంతా చెబుతారు. పళ్లెంలో చేదు ఆకులుంటాయి, బానిస బతుకు చేదుకు గుర్తు. ఉప్పునీళ్లు కన్నీళ్లు. పులియని రొట్టె, పిండి పులిసేదాకా ఆగే వ్యవధి లేకుండా బయల్దేరిన తొందర. ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎందుకని అడిగిన పిల్లలకు ఈ పళ్లెం భాష కొత్తగా ఉండదు.

యూదులు ప్రపంచంలో సుమారు కోటిన్నర మందే. కానీ దేవుడొక్కడే అన్న వాళ్ల మాట నుంచే క్రైస్తవం, ఇస్లాం కొమ్మలు వేశాయి, మూడింటికీ అబ్రహాము తాత. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది, శుక్రవారం సూర్యాస్తమయం నుంచి సబ్బాతు అనే విశ్రాంతి దినం పాటించే తెలుగువాళ్లు.

ఇప్పుడు క్రిస్మస్ గురించి ఎవరూ అడగరు, డిసెంబరు 25 కదలదు కాబట్టి. ఈస్టర్ అడగండి. ఒక ఏడాది మార్చి ఆఖర్లో, ఇంకో ఏడాది ఏప్రిల్ మూడో వారంలో. సువార్తల ప్రకారం ఏసును సిలువ వేసింది పస్కా పండగ రోజుల్లో, తిరిగి లేచింది ఆదివారం నాడు. పస్కా వచ్చేది వసంతకాలపు పౌర్ణమికి. అంటే ఈస్టర్‌కు పౌర్ణమీ కావాలి, ఆదివారమూ కావాలి. ఏ ఊరివాళ్లు ఆ ఊరి లెక్క వేసుకుంటూ గొడవపడుతుంటే, 325లో నైసియాలో బిషప్పులు సమావేశమై అందరూ ఒకే ఆదివారం చేయాలనీ, యూదుల లెక్క మీద ఆధారపడొద్దనీ తీర్మానించారు. చివరికి స్థిరపడిన సూత్రం: మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన మొదటి ఆదివారం. అందుకే ఈస్టర్ మార్చి 22 కంటే ముందు రాదు, ఏప్రిల్ 25 దాటదు.

అంతటితో తెగిందా? తెగలేదు. పాత జూలియన్ కేలండర్ ఏటా కొన్ని నిమిషాలు తప్పుతూ శతాబ్దాలకు పది రోజులు వెనకబడింది. 1582లో పోప్ పదమూడో గ్రెగరీ దాన్ని సరిచేయించాడు. ఆ ఏడాది అక్టోబరు 4న పడుకున్న రోమ్ నగరం 15న లేచింది! రోమ్ మాట వినని తూర్పు ఆర్థడాక్స్ చర్చిలు పాత లెక్కే పట్టుకున్నాయి. రష్యాలో క్రిస్మస్ జనవరి 7న చేసుకునేది అందుకే, వాళ్ల లెక్కలో అది డిసెంబరు 25. ఈస్టర్ ఒక్కోసారి కలుస్తుంది. 2025 ఏప్రిల్ 20న అందరికీ ఒకేరోజు వచ్చింది.

క్రైస్తవంలో అసలు పండగ క్రిస్మస్ అనుకుంటాం, స్టార్లూ కేకులూ చూసి. కాదు, ఈస్టరే. భస్మ బుధవారంతో మొదలై నలభై రోజుల శ్రమల కాలం, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఆపైన పునరుత్థానం. ఈస్టర్ తెల్లవారుజామున మన ఊళ్లలో సమాధుల తోటకు వెళ్లి చూడండి. ముందురోజే సున్నం వేసిన సమాధుల మీద బంతిపూలు, కొవ్వొత్తులు, చీకట్లో పాటలు. చావుతో అంతా అయిపోదన్న నమ్మకం ఒక మతానికి ఎంత ముఖ్యమో ఆ కొవ్వొత్తుల వరస చెప్పినంత బాగా ఏ పాఠమూ చెప్పలేదు.

అమావాస్యల్లో నాకు ఇష్టమైనది దీపావళి అమావాస్య. మనకు ఆశ్వయుజ అమావాస్య, ఉత్తరాది లెక్కలో కార్తీక అమావాస్య, రాత్రి మాత్రం ఒకటే. మన పిల్లలు నరకాసురుడి కథ చెబుతారు, అయోధ్య వైపు రాముడు తిరిగొచ్చిన కథ. జైనులకు అది మహావీరుడు బీహార్‌లోని పావాపురిలో నిర్వాణం పొందిన రాత్రి, సంప్రదాయ లెక్కలో క్రీ.పూ. 527. తెల్లవారుజామున గుడిలో నిర్వాణ లడ్డూ సమర్పిస్తారు. ఏ ప్రాణినీ హింసించరాదన్న ధర్మం వాళ్లది, కాబట్టి టపాసులు వద్దనే జైన ఇళ్లు చాలా ఉంటాయి. సిక్కులకు అదే బందీ ఛోడ్ దివస్. జహంగీర్ చక్రవర్తి గ్వాలియర్ కోటలో బంధించిన ఆరో గురువు హరగోవింద్, తనతోపాటు 52 మంది రాజులకూ విడుదల ఇప్పించి అమృత్‌సర్ చేరిన రోజని వాళ్లు తలచుకుంటారు. వీధిలో వరసగా వెలిగే దీపాలు చూస్తే తేడా కనిపించదు. ఏ దీపం ఎవరిని తలచుకుని వెలిగిందో అడిగితేనే తెలుస్తుంది.

సిక్కులు 2003లో తమకంటూ నానక్‌షాహీ కేలండర్ తెచ్చుకున్నారు. గురునానక్ పుట్టిన 1469తో శకం మొదలు, నడక సూర్యుడి లెక్కలో. అయినా నానక్ జయంతిని కార్తీక పౌర్ణమి నుంచి కదపడానికి మనసొప్పలేదు. లెక్క మార్చడం తేలికే, అలవాటైన పున్నమిని వదులుకోవడమే కష్టం.

బౌద్ధులకూ పున్నమే. వైశాఖ పౌర్ణమినాడే బుద్ధుడి పుట్టుక, జ్ఞానోదయం, పరినిర్వాణం మూడూ అని శ్రీలంక, థాయ్‌లాండ్, మయన్మార్ బౌద్ధుల నమ్మకం. శ్రీలంకలో ప్రతి పౌర్ణమికీ సెలవు. జపాన్ మాత్రం 1873లో ఇంగ్లీషు కేలండర్‌కు మారిపోయి, బుద్ధుడి పుట్టినరోజు ఏప్రిల్ 8 అని మేకు కొట్టేసింది. థాయ్‌లాండ్‌లో 2026ను 2569 అంటారు, శకం బుద్ధుడి పరినిర్వాణం నుంచి కాబట్టి. పుట్టుక నుంచి లెక్కపెట్టేవాళ్లు, వలస నుంచి లెక్కపెట్టేవాళ్లు, ఆఖరి శ్వాస నుంచి లెక్కపెట్టేవాళ్లు. దేన్నుంచి మొదలుపెట్టారో చూస్తే ఆ మతం దేన్ని మలుపుగా భావిస్తుందో సగం అర్థమవుతుంది.

పార్సీల సంగతి మరీ ముచ్చట. ఇరాన్ నుంచి తరలివచ్చిన జరతుష్ట్ర మతస్తులు వీళ్లు. హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో వాళ్ల అగ్ని ఆలయాలున్నాయి. లీపు రోజు కలపని 365 రోజుల కేలండర్ వాడుతూ రావడంతో మార్చిలో ఉండాల్సిన కొత్త సంవత్సరం నెమ్మదిగా జారి ఆగస్టుకు చేరింది. దాన్ని సరిదిద్దారా? లేదు. మార్చి నౌరోజూ చేసుకుంటారు, ఆగస్టు నౌరోజూ చేసుకుంటారు.

ఇదంతా విన్నాక మా పిల్ల పట్టిక పక్కన పెట్టి పెన్సిల్ తీసింది. ఉగాది, రంజాన్ మళ్లీ ఎప్పుడు కలుస్తాయో తేల్చాలట. ఒక్కో అధిక మాసానికి ఉగాది ఒక్కో హిజ్రీ నెల పక్కకు జరుగుతుంది, పన్నెండు నెలలూ చుట్టి రావాలి, 32 నెలలు ఇంటూ 12. వెనక్కి లెక్కేస్తే 1992, 1993 తగిలాయి. మా అమ్మను అడిగితే, అవును, ఆ రోజుల్లో పక్కింటి మస్తానమ్మ సేమియా, మన పులిహోర ఒకేసారి గిన్నెలు మార్చుకునేవాళ్లం అంది. ముందుకు లెక్కేస్తే 2057, 2058.

"అప్పటికి నాకు నలభై మూడేళ్లు!" అంది పిల్ల, ముసలితనం ముంచుకొచ్చినట్టు మొహం పెట్టి. తర్వాత నావైపు చూసి, నా వయసు కూడా కలపబోయి, మర్యాదకు ఆపేసింది.